ఖాళీ పిస్టల్‌తో ఇంట్ల సాధన

ఈ నెల ముగ్గురు నన్ను ఒకే సంగతి అడిగిన్రు. ఇద్దరు మన సోలాపూర్ పూర్వభాగం వాళ్లే, ఒకామె భివండీ నుంచి జాబు రాసింది. సంగతి ఏందంటే, ఇంట్ల పిల్లలు షూటింగ్ నేర్చుకుంటున్నరు. క్లబ్బుకు పోని రోజు ఇంట్లనే పిస్టల్ పట్టుకొని గోడకు గురిపెట్టి టిక్కు టిక్కుమని నొక్కుతరు. "ఇండ్ల ఛర్రా లేదు, ఉత్తదే" అంటరు. నమ్మాల్నా వద్దా, ఇంట్ల ఈ పని చెయ్యనియ్యాల్నా వద్దా అని అడుగుతున్నరు. మా మనవరాలు కూడ రెండేండ్ల నుంచి ఇదే పని చేస్తున్నది కాబట్టి నన్ను అడిగిన్రు. లేకుంటే నాలుగో తరగతి చదివి, కార్డింగ్ ఖాతాల దూది దుమ్ము మింగినోన్ని పిస్టల్ గురించి ఎవరడుగుతరు.

మన గల్లీలకు ఈ ఆట ఎట్ల వచ్చిందో మీకు తెలుసు. 2024 పారిస్ ఒలింపిక్స్‌ల మన దేశానికి షూటింగ్ నుంచే మూడు కంచు పతకాలు వచ్చినయి. మనూ భాకర్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీల ఒకటి, సరబ్‌జోత్ సింగ్‌తోటి జోడీగ ఇంకొకటి తెచ్చింది. మూడోది రైఫిల్ పోటీల స్వప్నిల్ కుసాలే తెచ్చిండు. ఆయనది మన పక్కన కొల్హాపూర్ జిల్లా, అప్పటికి రైల్వేల టికెట్లు చూసే నౌకరి చేస్తుండె. అదే కొల్హాపూర్ ఆడపిల్ల రాహీ సర్నోబత్ 2018 ఆసియా క్రీడలల 25 మీటర్ల పిస్టల్‌కు బంగారం గెలిచింది. హైదరాబాద్ పిల్ల ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడలల నాలుగు పతకాలు తెచ్చింది. ఇవన్ని టీవీల చూసినంక మన పిల్లలు ఊకుంటరా? ఊకోవద్దు కూడ. బీడీలు చుట్టే ఇంటి పిల్ల, సాంచెలు నడిపే ఇంటి పిల్ల ఈ ఆట ఆడొద్దని ఎక్కడ రాసి లేదు.

గుండు లేకుంట ఉత్తగ నొక్కే సాధనను క్లబ్బుల డ్రై ప్రాక్టీస్ అంటరు. దీన్ని పిల్లల ఆట అనుకోవద్దు, పెద్ద పెద్ద షూటర్లు కూడ రోజూ చేస్తరు. ఎందుకో చెప్త. పోటీల 10 మీటర్ల దూరంల కాగితం ఉంటది. దాని నడుమ పది మార్కుల చుట్టు 11.5 మిల్లీమీటర్లు, అంటే మన అంగీ గుండీ అంత. పిస్టల్ ఒంటి చేత్తోనే పట్టాలె, రెండో చెయ్యి ఆసరా పెట్టొద్దు. బరువు కిలో చుట్టుముట్టు ఉంటది, 1500 గ్రాములకు మించొద్దని కాయిదా. ట్రిగ్గర్ కూడ అర కిలో బరువు కన్న తక్కువకు కదలొద్దు. వేలికి అర కిలో పప్పు పొట్లం తగిలిచ్చి, ఆ వేలిని మెల్లగ ముడుస్తూ, మిగిలిన చెయ్యి ఇసుమంత కదలకుంట పట్టుకోండ్రి. గట్ల 75 నిమిషాలల 60 సార్లు. అప్పుడు తెలుస్తది ఇది ఏం పనో.

నిజంగ ఛర్రా కొడితే ఏమైతదంటే, గాలి చప్పుడైతది, చెయ్యి కొంచెం కదులుతది, కండ్లు వెంటనే కాగితం దిక్కు ఉరుకుతయి. తప్పు ఎక్కడ జరిగిందో దొరకది. ఉత్తగ నొక్కితే మాత్రం, ట్రిగ్గర్ టిక్కుమన్న ఆ క్షణంల ముందటి సైటు ఎటు గుంజుకపోయిందో కండ్ల ముందట కనపడ్తది. కుడికి పోయిందా, కిందికి జారిందా, కదలకుంట నిలిచిందా. ఛర్రా ఖర్చు లేదు, గాలి నింపే ఖర్చు లేదు, క్లబ్బు ఫీజు లేదు, బస్సు కిరాయి లేదు. మిల్లుల కొత్తగ చేరిన పిల్లగానికి మా పెద్దలు ముడి ఇంటికాడనే నేర్పేది. రాత్రి అన్నం తిన్నంక ఉత్త దారం తీసుకొని తెంపుడు, ముడేసుడు, తెంపుడు, ముడేసుడు. సాంచె కాడికి పోయేసరికి వేళ్లకు చెప్పాల్సిన పని లేకుండె. ఇది కూడ గట్లదే. పైసలున్నోడు రోజూ రేంజికి పోతడు. మనకు ఇంటి గోడే రేంజి. కాబట్టి ఈ సాధన వద్దని నేను చెప్పను. పద్ధతి చెప్త.

ముందుగల ఒక మాట. అన్ని పిస్టళ్లను ఉత్తగ నొక్కొద్దు. పోటీలల వాడే గాలి సిలిండర్ పిస్టల్‌కు చాలావరకు డ్రై ప్రాక్టీస్ ఏర్పాటు దాండ్లనే ఉంటది. గాలి వదలకుంట ట్రిగ్గర్ ఒక్కటే పనిచేస్తది. ఏ మోడల్‌కు ఏ మీట ఎట్ల తిప్పాలెనో దాని పుస్తకంల ఉంటది, లేకుంటే కోచ్‌ను అడగాలె. స్ప్రింగు పిస్టల్ గట్ల కాదు. దాండ్ల పిస్టన్ ముందుకు దూకినప్పుడు ఛర్రా వెనుక ఇరుక్కున్న గాలే మెత్తలెక్క ఆపుతది. ఛర్రా లేకుంట నొక్కితే ఇనుము పోయి ఇనుముకు కొట్టుకుంటది, సీలు పాడైతది, స్ప్రింగు పాడైతది. ఆపే తోలు అరిగిపోయిన షటిల్ పెట్టెల షటిల్ పోయి కొట్టుకున్నట్టు. స్ప్రింగుదే ఉన్నోళ్లు ట్రిగ్గర్ నొక్కుడు ఇంట్ల చెయ్యొద్దు. చెయ్యి నిలబెట్టి గురి పట్టుకునే సాధన ఒక్కటే చేసుకోండ్రి, అది కూడ సగం పని.

ఇగ అసలు సంగతి. "ఖాళీదే కదా" అనే మాట గురించి.

కార్డింగ్ సాంచె చూసినోళ్లకు తెలుసు, చూడనోళ్లకు చెప్త. దాని నడుమ ఒక పెద్ద సిలిండర్ ఉంటది. నాలుగడుగుల ఎత్తు ఇనుప డోలు, ఒళ్లంత సన్న తీగ పండ్లు. పట్టా లూజు పుల్లీ మీదికి జరిపినా, మోటరు బందు చేసినా, అది తన బరువుకు తాను తిరుగుతనే ఉంటది, నిమిషాల కొద్ది. ఖాతాల చప్పుడుకు దాని చప్పుడు వినపడది. తీగ పండ్లు ఎంత సన్నగ ఉంటయంటే తిరుగుతున్నా నిలబడ్డట్టే కనపడ్తది, నున్నగ, మెరుస్తూ. మా పాళీల ఒకాయన కింద పేరుకున్న దూది తీద్దామని చెయ్యి పెట్టిండు. రెండు వేళ్లు పోయినయి. దవాఖాన్ల మంచం మీద కూడ ఆయన అన్న మాట ఒకటే, "బందు చేసిన కదా". అబద్ధం కాదు, బందు చేసిండు. సాంచె బందైంది, సిలిండర్ నిలబడలే.

ఆ దినం నుంచి మా జాబర్ ఒక రివాజు పెట్టిండు. బందు చేసినోడు ఒకడు, పక్కకొచ్చి పుల్లీ పుల్లలు నిలబడ్డయా లేవా కండ్లతోటి చూసేటోడు ఇంకొకడు. ఇద్దరు ఔనంటేనే చెయ్యి లోపలికి. జ్ఞాపకం మీద, నమ్మకం మీద చెయ్యి పెట్టొద్దు. ఇరవై ఏండ్లు ఒక్క వేలు పోలే ఆ ఖాతాల.

"ఖాళీదే కదా" అనేది గూడ "బందు చేసిన కదా" లాంటి మాటే. పిస్టల్ ఖాళీగ ఉందని జ్ఞాపకం ఉంటది. నిన్న క్లబ్బుల చివరి ఛర్రా కొట్టిన జ్ఞాపకమా, మొన్నటి జ్ఞాపకమా, దానికి తెలవది. మా ఇంట్ల మేం ఆ జాబర్ రివాజునే పెట్టుకున్నం.

మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిల కోడలు, ఆమె తోడి కోడలు బీడీలు చుడ్తరు, వెనుక గది వంటకు, పండుకోనీకి. కింద ఇంటాయన సాంచెలు నడుస్తయి, నేల గూడ సన్నగ వణుకుతది. మనవరాలు అంటది, ఆ వణుకుల చెయ్యి నిలబెట్టుడు వచ్చిందంటే రేంజిల సుఖంగ ఉంటదని. పిల్లకు పిస్టల్ క్లబ్బుల ఒక పాత షూటర్ దగ్గర సెకండ్ హ్యాండ్ దొరికింది. కొత్తదైతే లక్ష దాటుతది. కోడలు ఎత్తుకున్న భీశీ పైసలు దానికే పోయినయి.

ఛర్రాల డబ్బి వెనుక గదిల బీరువాల ఉంటది. తాళం చెవి మా ఇంటామె కొంగుకు. సాధన చేసే గదిలకు ఒక్క ఛర్రా కూడ రావొద్దు. సంచిల అడుగున, ప్యాంటు జేబుల కూడ ఉండొద్దు. ఆ జేబు సంగతి అందరు మరిచేదే కాబట్టి మనవరాలు క్లబ్బు బట్టలు విప్పి వేరే బట్టలు వేసుకుంటది. దానితోటి ఇంకో లాభం, ఛర్రా సీసంతోటి చేసింది, ఆ చేతులు సబ్బుతోటి కడగకుంట రొట్టె ముట్టొద్దు. బీడీల చేతులు కడగమని కోడళ్లకు చెప్పేటోల్లం ఇది చెప్పకుంటే ఎట్ల.

తర్వాత పిస్టల్ పెట్టె తెరుస్తది. తీస్తున్నప్పుడే నాళం గోడ దిక్కు ఉండాలె, మనుషుల దిక్కు, తలుపు దిక్కు తిరగొద్దు. వేలు ట్రిగ్గర్ బయట, పక్కకు చాపి. లోడ్ చేసే మీట తెరిచి లోపలికి చూస్తది. చూసుడుతోటి అయిపోలే. పోటీలల నారింజ రంగు ప్లాస్టిక్ తాడు ఒకటి వాడుతరు, ఎయిర్ పిస్టల్ నాళం పొడుగునా దూర్చి ఉంచుతరు. రేంజి ఆఫీసరుకు దూరం నుంచే ఖాళీగున్నదని కనపడాలె గదా, అందుకు. ఆ తాడు వెనుక నుంచి దూర్చితే ముందట నాళం చివర బయటికి రావాలె. వస్తే లోపల ఛర్రా లేదు. కండ్లు మోసపోవచ్చు, తాడు మోసపోది. అటెన్క నా దిక్కు చూస్తది. నేను లేచి పోయి చూస్త. తాడు చివర నేను చూసినంకనే ఆమె తాడు గుంజి మీట మూస్తది. నేను ఊర్ల లేకుంటే వాళ్ల అమ్మ. ఎవరూ లేకుంటే ఆ దినం సాధన లేదు, అంతే. మొదట్ల విసుక్కున్నది. ఇప్పుడు నేను నిద్రపోతుంటే లేపుతది.

గోడ సంగతి. మన ఇండ్లల గదుల నడుమ పత్రా రేకు, ప్లైవుడ్డు ఉంటది, అవతల మనుషులుంటరు. ఆ దిక్కు గురి పెట్టొద్దు. కిటికీ దిక్కు వద్దు, తలుపు దిక్కు వద్దు, దేవుడి పటం దిక్కు గాని టీవీ దిక్కు గాని వద్దు. టీవీల మనిషి మొఖానికి గురి పెట్టి నవ్వుకునేటోళ్లున్నరు, అది అలవాటైతే రేపు ఏం జరుగుతదో చెప్పలేం. మాది పాతకాలం రాతి గోడ, మందం చాలా ఉంటది. కాని రాయికి ఛర్రా తగిలితే తిరిగి మన మీదికే దూకుతది. కాబట్టి గోడ ముందట ఒక చెక్క, చెక్క ముందట అట్టపెట్టె పెట్టినం. అట్టపెట్టెల కారఖానా చింధీలు, పాత టవల్ ముక్కలు గట్టిగ కూరినం. రెండు సార్లు చూసినంక గూడ ఇదంత ఎందుకు అంటారా? మిల్లుల సిలిండర్ నిలబడ్డంక గూడ మీది జాలి మూత తీసి పెట్టకపోయేటోల్లం. ఒక రివాజు తప్పినా ఇంకొకటి కాపాడాలె.

అట్టపెట్టె మీద నల్ల చుక్క అతికిచ్చినం. మా గది 3 మీటర్లే. 10 మీటర్ల కాడ నల్ల గుండ్రం 59.5 మిల్లీమీటర్లు ఉంటది కాబట్టి 3 మీటర్లకు 18 మిల్లీమీటర్ల చుక్క చాలు, కంటికి అంతే కనపడ్తది. కాని కోచ్ సగం రోజులు చుక్క కూడ వద్దన్నడు. ఉత్త తెల్ల అట్టకే గురి. చుక్క ఉంటే కండ్లు చుక్క మీదికి పోతయి, సైటు మీద నిలబడయి. ఈ మాట నాకు నచ్చింది. మగ్గం నేర్చుకునేటోడు పోగు చూడాలె గాని చీర చూడొద్దు.

చెయ్యి లేపి, శ్వాస సగం వదిలి, ఏడెనిమిది సెకండ్లల టిక్కు అనాలె. కాకపోతే నొక్కకుంట దించాలె. దించుడు ఓటమి కాదని పిల్లలకు చెప్పండ్రి. ఇరవై, ముప్పై నిమిషాలు చాలు. చెయ్యి వణికినంక చేసే సాధన వణుకుడునే నేర్పుతది.

పోయిన శ్రావణంల ఒక దినం పక్కింటి బాబు, నాలుగేండ్లోడు, గిన్నెల సత్తుపిండి పట్టుకొని లోపలికొచ్చిండు. వాళ్లమ్మ పంపింది. మనవరాలు చెయ్యి లేపి ఉన్నది. బాబు పోయి సక్కగ అట్టపెట్టె ముందట నిలబడి "అక్కా" అన్నడు. ఆమె వేలు ట్రిగ్గర్ మీది నుంచి తీసి, నాళం నేలకు దించి, బల్ల మీద పెట్టి, మీట తెరిచి, తాడు దూర్చి, అప్పుడు బాబు చేతుల గిన్నె తీసుకున్నది. ఛర్రా లేదని నేను చూసిందే, అయినా నా కాళ్లల్ల బలం పోయింది. ఇంటామె ఏడ్చి, ఆ పిస్టల్ అమ్మెయ్యమన్నది. రెండు దినాలు ఇంట్ల మాటలు లేవు. మూడో దినం కోడలు తలుపుకు లోపలి దిక్కు ఎత్తుల ఒక గడియ పెట్టిచ్చింది, పిల్లలకు అందనంత. సాధన అంటే గడియ పడాలె. గడియ పడకుంటే పెట్టె తెరవొద్దు. పిస్టల్ ఉన్నది, కాని ఇంటామె ఒప్పుకున్నది ఆ గడియను చూసి, మనవరాలు ఆ పొద్దు చేసిన పని చూసి. పక్కింటామెకు కూడ అన్ని విప్పి చూపెట్టినం. దాచిపెడ్తేనే ఇరుగుపొరుగుల భయం పుడ్తది.

క్లబ్బుల పెద్దోళ్లు చెప్పే ఇంకో సంగతి నాకు చాలా సరిగ్గ అనిపిచ్చింది. ప్రమాదం సాధన నడుమ కన్న సాధన అయిపోయినంకనే ఎక్కువ. అయిపోయింది అని ఛర్రాలు తీస్తరు, లోడ్ చేస్తరు, "ఇంకొక్కసారి" అని ఉత్తదనుకొని నొక్కుతరు. చేతులకు అప్పటిదాక ఉత్తగ నొక్కిన అలవాటే ఉంటది. అందుకని మా పిల్ల అయిపోయినంక గట్టిగ "బందు" అంటది, ఇంట్ల అందరికి వినపడేటట్టు. తాడు దూర్చుడు, పెట్టెల పెట్టుడు, తాళం. అట్టపెట్టె కూడ గోడ కాడి నుంచి తీసి మంచం కిందికి తోస్తది. గురి పెట్టనీకి ఏమీ మిగలొద్దు. బందు అన్నంక ఇంకొకసారి లేదు, తల్లి చెప్పినా లేదు, కోచ్ ఫోన్ చేసినా లేదు.

ఫోన్ అంటే జ్ఞాపకమొచ్చింది. సాధన చేసేటప్పుడు ఫోన్ వేరే గదిల. పిస్టల్ పట్టుకొని ఫొటో దిగి పెట్టుడు, రీల్ చేసుడు అసలే వద్దు. చూసేటోనికి అది ఎయిర్ పిస్టలో అసలుదో తెలవది, పోలీసులు ఇంటికొస్తరు. మిద్దె మీద, గ్యాలరీల సాధన కూడ అందుకే వద్దు. పోటీలల వాడే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్‌కు మామూలుగ లైసెన్సు అడగరు. అయినా కొన్న బిల్లు, క్లబ్బు కార్డు పెట్టెలనే ఉంచండ్రి. బస్సుల పోయేటప్పుడు పెట్టె మూసి, తాళమేసి, సంచిల.

లైసెన్సు ఉన్న అసలు తుపాకి, రివాల్వర్ సంగతి వేరే. ఇది 1959 ఆయుధాల చట్టం కిందికొస్తది, లైసెన్సు లేకుంట ఇంట్ల ఉంచుడే నేరం. మనోళ్లల్ల అవి ఉన్నోళ్లు తక్కువే. ఉన్నోళ్లకు పైన చెప్పిన పద్ధతి అంతా వర్తిస్తది, ఇంకా కొంచెం ఎక్కువ. తూటాలు వేరే గదిల తాళంల ఉండాలె. మ్యాగజీన్ తీసినంక కూడ ఛాంబర్‌ల ఒకటి మిగులుతది, అక్కడనే మనుషులు మోసపోతరు, కాబట్టి కంటితోటి చూసి, చిటికెన వేలు పెట్టి తాకి కూడ చూడాలె. ఆ తూటా మన ఇటుక గోడను లెక్కచెయ్యదు, అట్టపెట్టె దానికి అడ్డం కాదు. పాయింట్ 22 తూటా వేసే పిస్టల్‌ను ఉత్తగ నొక్కితే పిన్ను పోయి ఛాంబర్ అంచుకు కొట్టుకొని పాడైతది, దానికి డమ్మీ తూటాలు దొరుకుతయి. డమ్మీ రంగు అసలు తూటా రంగుకు దగ్గర ఉండొద్దు. ఇంట్ల పిల్లలు తిరిగే చోట ఈ సాధన వద్దేవద్దని నా మాట. రేంజిల చేసుకోండ్రి.

భివండీ అక్క ఇంకోటి అడిగింది, ఆడపిల్లకు ఇదంత ఎందుకని సుట్టాలు అంటున్నరట. మా ఇంట్ల కూడ అన్నరు. నేనేం జవాబు చెప్పలే. మొన్న జిల్లా పోటీలకు పొయ్యేటప్పుడు ఆ సుట్టమే టిఫిన్ కట్టిచ్చింది.

మా ఇల్లు తెలిసినోళ్లు పిల్లలను తీసుకొని రావచ్చు, గడియ, తాడు, అట్టపెట్టె అన్ని చూపెడ్త. సాయంత్రం ఆరున్నర నుంచి ఏడు దాక మాత్రం తలుపు తట్టొద్దు. లోపలి నుంచి "బందు" అని వినపడ్డంక తట్టండ్రి, చాయ్ తాగుదాం.